నల్లమల బండ మీద కూర్చున్న నీలం పైపు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలుంటే ఒలుచుకుంటూ కూర్చోండి, నాకేం పట్టింపు లేదు. ఒక చెవి మాత్రం ఇటు వేసి ఉంచండి. మొన్న ఎండాకాలంలో మా చెల్లెలి ఊరికి పోయి వచ్చాను. మా ఊరు నల్లగొండ దగ్గర, పానగల్ దాటాక. దాని ఊరు నల్లమల మీద, అమ్రాబాద్ పక్కన. మూడు రోజుల ముచ్చట. మీరెవరూ అటు పోయినట్టు లేదు, అందుకే చెప్తున్నాను.

మా చెల్లెలి పేరు మణెమ్మ. ఒకనాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, శుక్రారం బోరు బండి వస్తాంది. ఇప్పటికే రెండు బోర్లు పోయినయి. ఇది గూడ పోతే భూమి కౌలుకిచ్చి చౌటుప్పల్‌ల మందుల కంపెనీకి వాచ్‌మెన్ పనికి పోతా అంటున్నడు ఆయన. నువ్వొచ్చి జర పక్కన నిలవడు."

బోరు పక్కన నిలబడడానికి నేనేమన్నా ఇంజనీరునా? కాదు. కానీ బోరు ఎట్లా పాడవుతుందో చూసినదాన్ని. మా బత్తాయి తోటలో మొదటి బోరు వేసినప్పుడు ముప్పై అడుగుల దగ్గర రాయి తగిలింది. బండ వచ్చిందని అందరం సంబరపడి అక్కడికే పైపు ఆపించాము. అది బండ కాదు, మట్టి నడుమ ఇరుక్కున్న పెద్ద గుండు. రెండో వానాకాలానికి గుండు కింది మట్టి కూలి మోటారు మీద పడింది. మోటారు ఇప్పటికీ భూమిలోనే ఉంది. రెండో బోరు వేయించేలోపు సగం బత్తాయి చెట్లు మా కళ్ల ముందే ఎండిపోయాయి.

తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. బోరంటే భూమిలోకి పొడిచే సన్నటి పొక్క. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి బండ ఉంటాయి. బండలో పొడిచిన పొక్క నిలబడుతుంది, మట్టిలో పొడిచింది కూలుతుంది. అందుకే మట్టి ఉన్నంత మేరా పైపు దింపి, దాని అడుగును బండలోకి బిగేస్తారు. దాన్నే కేసింగు అంటారు. ఆ తర్వాత పైపు లోపలి నుంచి సన్న బిట్టు, అంటే రాయిని కొట్టే ఇనుప మొన, దింపి నీళ్లు తగిలేదాకా బండను కొట్టుకుంటూ పోతారు. కేసింగు బండలో కూర్చుంటే ఆ బోరు పిల్లల కాలానికి కూడా పనికొస్తుంది. మట్టిలో వేలాడితే ఎన్ని నీళ్లు పడ్డా దండగే.

దేవరకొండ బస్సులో

గురువారం పొద్దున నల్లగొండలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కదా, బస్సు నిండా మేమే. ఒకాయన కమ్మీ పట్టుకొని వేలాడుతూ గొణిగాడు.

"మీ ఆడోళ్లతోటి కూసునే జాగ లేకుండ పోయింది."

"ఇన్నేండ్లు మీరు కూసుంటిరి, మేం నిలవడితిమి," అన్నాను. "ఇప్పుడు జర నువ్వు నిలవడు తమ్మీ, కాళ్లు గట్టివడ్తయి."

బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నా సంచిని తీసి పైన పెట్టాడు. సంచిలో మణెమ్మకు బత్తాయిలు, ఒక సీసాలో మా బోరు నీళ్లు ఉన్నాయి. పారే బోరు నీళ్లు తెచ్చి కొత్త బోరు జాగాలో పోయడం మా అమ్మ పెట్టిన ఆనవాయితీ. సీసాను ఒళ్లోనే పెట్టుకున్నాను.

దేవరకొండలో చాయ పది రూపాయలు, నాలుగు మిరపకాయ బజ్జీలు ఇరవై. బజ్జీలో వాము దండిగా వేస్తారక్కడ. మా నల్లగొండలో బజ్జీ మీద ఉల్లిగడ్డ చల్లుతారు, వీళ్లు బజ్జీ పక్కన ఉప్పు పెట్టిన పచ్చిమిరపకాయ ఇస్తారు. కారం మీద కారం!

అక్కడి నుంచి అచ్చంపేట బస్సు. నా పక్కన ఒక లంబాడా తల్లి, నిండు నెలల కడుపుతో ఉన్న బిడ్డను పుట్టింటికి తీసుకుపోతోంది. డిండి ఇంకా రాకముందే ఆ పిల్లకు కడుపులో తిప్పి, ఉన్నదంతా కక్కుకుంది. తల్లి దగ్గర నీళ్లు అయిపోయాయి. పిల్ల నా ఒళ్లో సీసా వైపు చూసింది. మీరైతే ఏం చేస్తారు? ఇచ్చేశాను. మొహం కడుక్కొని గటగటా తాగింది. అడుగున రెండు గుక్కలు మిగిలాయి.

ఆ తల్లి ఊరుకోలేదు. గుడ్డలో చుట్టిన జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం తీసి నా చేతిలో పెట్టింది. మా దిక్కు రొట్టె పలుచగా చేసి కటకటలాడేలా కాలుస్తాము. ఇది మందంగా, మెత్తగా ఉంది. ఎల్లిపాయ కారంతో తింటుంటే కళ్లలో నీళ్లు, నాలుక మీద ఆనందం.

డిండి చేపలు, మన్ననూరు పండ్లు

డిండి చెరువు దగ్గర బస్సు ఆగితే వేపుడు చేపల వాసనకు నేను ఆగలేకపోయాను. మణెమ్మకు చేప అంటే ప్రాణం. ప్లేటు నూట ఇరవై అన్నాడు, నేను వంద అన్నాను. బేరం ఇంకా తెగనే లేదు, మా బస్సు హారన్ కొట్టి కదిలింది. చేపల పొట్లం ఒక చేత, చెప్పు ఒక చేత పట్టుకొని ఈ వయసులో నేను పరుగెత్తిన పరుగు చూస్తే మీరు కడుపు పట్టుకొని నవ్వేవారు. కండక్టర్ చెయ్యందించి లోపలికి లాగాడు. "అమ్మా, చేపలకు టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. "అవి గూడ ఆడచేపలే, జీరో కొట్టు," అన్నాను.

అచ్చంపేటలో మూడో బస్సెక్కాక గుట్టలు మొదలయ్యాయి. ఒక్కో మలుపుకు ఎండ తగ్గి గాలి చల్లబడింది. మన్ననూరులో ఒక చెంచు ఆమె ఆకు దొప్పల్లో తునికి పండ్లు అమ్ముతోంది. దొప్ప ఇరవై. పసుపు రంగు పండు, లోపల తియ్యటి గుజ్జు, నాలుక మీద కొంచెం వగరు. నేను ఆమెకు ఒక బత్తాయి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికెన్ని నీళ్లు వోస్తరు?" అని అడిగింది. రోజూ పోయాలని చెప్పాను. "మా చెట్లకు ఎవ్వలు వోస్తరు? అవే బతుకుతయి," అంది.

మణెమ్మ ఇల్లు

చేపలు చూసి మణెమ్మ మొహం వెలిగింది, సీసా చూసి వాడిపోయింది. జరిగింది చెప్పాను. దాని అత్త బుచ్చమ్మ అరుగు మీద కూర్చొని అంతా విన్నది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చూపు మసకేగాని మాట సూటి.

"దూపైన పిల్ల తాగింది. నీళ్లకు అంతకన్న మంచి జాగ ఏడుంటదే?" అంది.

మణెమ్మ పెనిమిటి కిష్టయ్య మంచివాడే, కష్టజీవి. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఊళ్లో మోటార్లు బాగుచేసే ఖాసిం భాయి సలహా మీద నీలం కేసింగు పైపులు రెండు తెచ్చి చేనులో పెట్టాడు. ఒక్కోటి ఇరవై అడుగులు. మూడోది కూడా తెచ్చుకోమని ఖాసిం చెప్పాడట. "నలభై అడుగులల్ల బండ తగలకుంటే నా పేరు కిష్టయ్యనే కాదు," అన్నాడట మా మరిది.

చేనుకు అంచున ఇంకో నీలం పైపు భూమిలో నుంచి మూరెడు పైకి కనబడుతోంది. దాని మీద పసుపు, ఎండిన కుంకుమ బొట్లు. అదేంటని మణెమ్మను అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. అది దాని మామ వేయించిన బోరు. ఆరేళ్లు బాగా పోసి ఎండిపోయింది. ఆ మరుసటేడు మామ కూడా పోయాడు. అప్పటి నుంచి కిష్టయ్య దసరాకు, ఉగాదికి ఆ పైపుకు బొట్టు పెడతాడు. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు, కనీసం కండువా కూడా ఆరేయనివ్వడు.

రెండో రోజు: బండి వచ్చింది

శుక్రవారం పొద్దున బోరు బండి వచ్చింది, వెనకే పానాలు పట్టుకొని ఖాసిం భాయి వచ్చాడు. మేస్త్రీ పేరు సెల్వం, తమిళనాడు మనిషి. పది ఊళ్ల మట్టి తిన్న తెలుగు అతనిది. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు పెట్టారు, అందరం చెప్పులు విడిచాము. నా సీసాలోని రెండు గుక్కలు పోసి దండం పెట్టుకున్నాను. మా దిక్కు కాయ కొట్టేది ఇంటి మగాయన. ఇక్కడ బుచ్చమ్మే కొట్టింది.

బండి మొదలైతే మాట వినబడదు. లావు బిట్టు తిరుగుతుంటే ఎర్ర మట్టి, తర్వాత పచ్చటి మొరం పైకి ఎగిరాయి. కొంత లోతుకొకసారి పొడిని దోసెడు తీసి వరుసగా కుప్పలు పెట్టారు. ఆ కుప్పలు చూస్తే భూమి కడుపులో ఏముందో తెలిసిపోతుంది. ముప్పై ఆరు అడుగుల దగ్గర ఠంగుమని మోగింది. తెల్లటి పొడి లేచింది.

కిష్టయ్య చేతులు ఎత్తాడు. "బండ! సూసినవా వదినె? నేం జెప్పలే?"

సెల్వం మిషన్ తగ్గించి, "రాయి వచ్చింది. పైపు దించుదామా?" అని అడిగాడు.

నేను ఆ పొడిని అరచేతిలో వేసుకొని, రెండు చుక్కల నీళ్లు పోసి రుద్దాను. ఉత్త బండ పొడి అయితే ఇసుకలా గరగరలాడాలి. ఇది కొంచెం జిగటగా, పసుపుగా చేతికి అంటింది. ఖాయంగా తెలుసా అంటే తెలియదు. కానీ మా బత్తాయి చెట్లు కళ్ల ముందు కదిలాయి.

"ఇంకో పదడుగులు లావు బిట్టుతోనే కొట్టించు కిష్టయ్యా. గుండేమో అనిపిస్తాంది."

"మీ దిక్కు బండ వేరు వదినె. ఇది నల్లమల బండ."

"బండకు దిక్కులుంటయా? గుండుకు మాత్రం కిందొక అడుగుంటది."

"పైపులే రెండున్నయి. లోతుకు పోతే పైపు నువ్వు తెస్తవా?"

మణెమ్మ ముందుకొచ్చింది. చెంగు నడుముకు దోపుకుంది.

"రెండు బోర్లు నీ మాటకే ఏసినం, ఒక్కటన్న నిలిచిందా? ఇయ్యాల మా అక్క మాటకు పదడుగులు. అంతే. కొట్టు అన్నా!"

సెల్వం కిష్టయ్య వైపు చూశాడు, మణెమ్మ వైపు చూశాడు. ఎవరి మాట వినాలో అతనికి తెలిసిపోయింది. మిషన్ పెంచాడు.

నాలుగు అడుగులు రాయి. ఆ తర్వాత బిట్టు ఒక్కసారి గుబుక్కున దిగింది. గాలికి పొక్కలోంచి పసుపు బురద లేచి, నేను ముచ్చటపడి కట్టుకున్న కొత్త చీర మీద, ముక్కు మీద, నోట్లో పడింది. నేను ఉమ్ముకుంటుంటే సెల్వం గట్టిగా నవ్వాడు. "అక్కా, నువ్వు చెప్పిందే! గుండు!"

నేనూ నవ్వాను. కిష్టయ్య ఒక్కడే నవ్వలేదు. పక్కన పడి ఉన్న రెండు పైపుల వైపు చూస్తున్నాడు.

అసలు బండ యాభై రెండు అడుగుల దగ్గర తగిలింది. పొడి గరగరలాడింది. మోత కూడా ఒకే తీరుగా మోగింది. దానిలోకి ఇంకో నాలుగు అడుగులు కొట్టి, పైపు అడుగు కూర్చోవడానికి జాగా చేశారు. ఇక లోతు యాభై ఆరు. పైపు నలభై.

ఆ మూడో పైపు

సెల్వం రాడ్లు పైకి తీసి, ఉన్న రెండు పైపులను మర బిగించి దింపాడు. అవి జారిపోకుండా పైన పట్టీ వేసి వేలాడదీశాడు.

"పై మట్టి ఆగుతుంది," అన్నాడు. "కింద పదహారు అడుగులు ఖాళీ. ఆ బురద ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేను. గంట, గంటన్నర. కూలిందంటే ఈ పొక్క పోయినట్టే."

అచ్చంపేటకు పోయి పైపు తేవాలంటే పోను రాను మూడు గంటలు. కిష్టయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఖాసిం భాయి మాత్రం చేను అంచు వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు. అతను ఏం చూశాడో మేమందరం చూశాము.

"నీ నోటికి రానియ్యకు ఖాసిం," అన్నాడు కిష్టయ్య.

"నేనేం అనలే అన్నా."

"నీ సూపు అంటాంది."

అప్పుడు బుచ్చమ్మ కర్ర పట్టుకొని లేచింది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. మెల్లగా ఆ పాత పైపు దగ్గరికి పోయి, మసక కళ్లతో తడిమి, బొట్లున్న చోట చెయ్యి ఆనించింది.

"కిష్టిగా, ఇటు రారా. ఈ పైపు మీ నాయిన ఎందుకేసిండు?"

కిష్టయ్య వచ్చి పైపు పక్కన నిలబడ్డాడు.

"బొట్టు వెట్టనీకి ఏసిండా? నీళ్లకేసిండా?"

"అమ్మా, నాయిన చేతులతోటి దింపిన పైపే ఇది..."

"గందుకే సెప్తాన. నాయిన ఉంటే ఇయ్యాల గీడ గిట్ల కూసుంటుండెనా? ఈపాటికి పీకి పెడుతుండె. ఆయినెకు పని ఆగితె పానం ఆగినట్టే. నీకు యాది లేదా?"

కిష్టయ్య మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు. లేచి, ఖాసిం చేతిలోని పెద్ద పానా తానే అందుకున్నాడు.

ఖాసిం మూడు కాళ్ల స్టాండు, గొలుసు కప్పీ తెచ్చి నిలబెట్టాడు. మణెమ్మ, నేను బిందెలతో నీళ్లు తెచ్చి పైపు చుట్టూ పోసి మట్టి నానబెట్టాము. కిష్టయ్య పానా వేసి తిప్పాడు. కదల్లేదు. మళ్లీ తిప్పాడు. మెడ నరాలు తేలాయి. మూడోసారికి లోపలెక్కడో మర కిర్రుమంది.

"వదిలింది అన్నా! తిప్పు, తిప్పు!" అని ఖాసిం గొలుసు లాగాడు.

పైనున్న పైపు ఊడి, కింది దాన్ని భూమిలోనే విడిచిపెట్టి, బురద కారుతూ పైకి వచ్చింది. ఇరవై అడుగులు. ఎక్కడా పగుల్లేదు. మణెమ్మ తన చెంగుతోనే మరలు తుడిచింది. బొట్లను మాత్రం తుడవలేదు.

పైపు మోసుకొని మగవాళ్లు బండి దగ్గరికి పరుగెత్తారు. బుచ్చమ్మ పోలేదు. తెరుచుకున్న ఆ పాత పొక్క పక్కనే చతికిలబడింది.

"దీని నోరు మూసేదాంక నేను లేవ. పిల్లగాళ్లు తిరిగే జాగ, మేకలు తిరిగే జాగ," అంది. నేను, ఇరుగుపొరుగు ఆడవాళ్లు రాళ్లు, మట్టి తెచ్చి పోశాము. మొదటి పిడికెడు తానే వేసింది. నిండి, కాళ్లతో తొక్కి గట్టి చేశాక గాని లేవలేదు.

అటు సెల్వం పాత పైపును పైన బిగించి పట్టీ వదిలాడు. మూడు పైపులూ ఒక్కటై దిగాయి. అడుగున ఏదో కొంచెం అడ్డం పడింది. మూత పెట్టి, మిషన్ తలతో మెల్లగా నొక్కాడు. ఒక మూర, ఇంకో జానెడు, తర్వాత ఎంత నొక్కినా కదల్లేదు. సెల్వం పైపుకు చెవి ఆనించి, అరచేత్తో తట్టాడు.

"కూర్చుంది," అన్నాడు.

పైన మిగిలిన ముక్కను రంపంతో కోసి, పైపు చుట్టూ మట్టి దిమ్మిస కొట్టి, సన్న బిట్టు దింపారు. ఇక బండలో పనే. నూట ఎనభై దగ్గర పొడి తడిసింది. రెండు వందల ఇరవై దాటాక నీళ్లు లేచాయి. ముందు పాలలా, తర్వాత బూడిద రంగులో. సెల్వం లెక్కకట్టి, రెండించుల ధార, చేనుకు చాలన్నాడు. మణెమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది. ఇద్దరం బురద బొమ్మల్లా ఉన్నాము.

ఆ పూట జొన్న రొట్టె, పచ్చిపులుసు. మిగిలిన డిండి చేప వేడి చేసి సెల్వానికి పెట్టాము. చేపకన్నా పచ్చిపులుసే ఎక్కువ బాగుందని మూడుసార్లు పోయించుకున్నాడు.

మూడో రోజు: అద్దం

పొద్దున నేను బయలుదేరబోతుంటే కిష్టయ్య ఇంట్లోని గోడ అద్దం చంకన పెట్టుకొని వచ్చాడు. "వదినె, బస్సుకు ఇంకా టైమున్నది. జర రా."

బోరు మూత తీశాడు. ఎండకు అద్దం వంచి, వెలుగును పైపు లోపలికి వేశాడు. నేను వంగి చూశాను. నీలం గోడ నేరుగా, నునుపుగా కిందికి పోయింది. దాని చివరన బూడిద రంగు బండ, ఇంకా కిందికి పోతే నీళ్ల మీద చిన్న తళుకు. ఆ నీళ్లలో మట్టి రంగు లేదు.

బుచ్చమ్మ కూడా వచ్చి, కొడుకు భుజం పట్టుకొని వంగింది. ఆమెకు ఏమి కనబడిందో దేవుడికెరుక.

"మట్టి రాలుతాందారా?"

"రాలుతలేదమ్మా."

"ఏ పక్కన?"

"ఏ పక్కన గూడ రాలుతలేదు."

ఆమె నడుం నిటారు చేసి, కర్ర అందుకుంది. "ఇగ మూత వెట్టు. పసుల వాళ్లొస్తరు," అంది. కిష్టయ్య మూత బిగించి, దాని మీద చెయ్యి అట్లాగే ఉంచి నా వైపు తిరిగాడు.

"చౌటుప్పల్ పనికి పోను వదినె," అన్నాడు.

ఇది విన్న మీ ఇల్లు చల్లగుండాలి. మీ కుండల్లో నీళ్లు, గాదెల్లో గింజలు నిండుగుండాలి. మీ పెద్దల మాట మీ పిల్లలకు నీడ కావాలి. మీ బతుకు గట్టి బండ మీద కూర్చొని, ఏ పక్క నుంచీ మట్టి రాలకుండా ఉండాలి.